అరవై ఒకటో పేజీ

"ఇంకా నున్నగానే ఉంది," అన్నాడు మాస్టారు, కాగితాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తూ.

మేనకోడలు కుర్చీ వెనక్కి జరిపింది. "నున్నగా లేవని పోట్లాడేవాళ్లని చూశాను గానీ, ఎలకలు కొరికినట్టుండే అక్షరాలు కావాలన్నవాడివి నువ్వొక్కడివే మామయ్యా."

గణిత పత్రికలకు పేజీలు కూర్చడం ఆమె పని. మాస్టారు తెచ్చినది ముప్ఫై రెండేళ్ల కిందటి తన సిద్ధాంత గ్రంథంలోని ఒకే ఒక్క పేజీ. గణితం అచ్చుకు వాడే లేటెక్ అనే సాఫ్ట్‌వేరులో రాసిన ఫైలు ఎలాగో మిగిలింది. దాన్ని ఇప్పటి కంప్యూటరులో నడిపితే పేజీ వచ్చింది కానీ, ఆ కాలపు పేజీలా రాలేదు. అప్పటి గణిత అక్షరాలు చుక్కలు పేర్చి చేసినవి. అంగుళానికి మూడు వందల చుక్కలు, అంతే. ఒంపు తిరిగిన ప్రతిచోటా సన్నని మెట్లు కనిపిస్తాయి. ఇప్పటి అక్షరాలకు మెట్లుండవు.

రెండు నెలల కిందట ఏమీ తోచక తన ప్రతిని తిరగేస్తూ అరవై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాడాయన. మూడు పంక్తులు తప్పు. దిద్దితే సిద్ధాంతం నిలుస్తుంది, దిద్దకపోతే కూలుతుంది. ఆ గ్రంథం చూసే ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. పాఠం చెప్పిన ప్రతి గదిలోనూ ఆ మూడు పంక్తులు తన వెనకాలే నిలబడి ఉన్నాయని ఇప్పుడు ఆయనకు అనిపిస్తోంది.

రెండో ప్రతి విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉంది. పాత గ్రంథాలన్నీ సోమవారం నుంచి స్కాన్ చేసి అందరికీ కనబడేలా పెడతారట. అంతకుముందు ప్రతి పేజీ చూసే బాధ్యత భూతద్దానికి అప్పగించారు.

భూతద్దం ఒకప్పుడు మాస్టారి గదిలోనే ఎదుటి బల్ల దగ్గర కూర్చునేవాడు. ఎవరి వ్యాసం చేతికిచ్చినా తప్పు పట్టి గాని వదలడు కాబట్టి ఆ పేరు. ఆరేళ్ల కిందట నిండు సభలో మాస్టారి ఉపన్యాసం మధ్యలో లేచి, నల్లబల్ల మీద రెండో వరుసలో గుర్తు తారుమారైందన్నాడు. నిజంగానే అయింది. జనం నవ్వారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే మాస్టారే తల తిప్పుకుంటాడు.

"ఇందులో తప్పు దొర్లిందని ఒక కాగితం రాసిస్తే పోదా?" అని అడిగింది మేనకోడలు.

"పోతుంది. వాడు సభలో చదవడానికి ఇంకో కాగితం దొరుకుతుంది."

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది. నున్నటి అక్షరాలు వాడొద్దని కంప్యూటరుకు చెప్పింది. అది చుక్కల అక్షరాలే చేసింది కానీ, అంగుళానికి ఆరు వందల లెక్కన చేసింది. మెట్లు కనబడలేదు. మూడు వందలకు తగ్గించాక మామూలు అక్షరాలు లొంగాయి. చివరి సూత్రంలోని రెండు గుర్తులు మాత్రం లొంగలేదు. వాటి పాత ఫాంటు ఇప్పుడు ఎవరూ వాడరు. దాని స్థానంలో వచ్చిన కొత్తదాన్ని పెడితే, ఒక గుర్తు రావలసిన చోట మరొకటి వచ్చి కూర్చుంది. నాలుగు రోజులు వెతగ్గా, ఎక్కడో ఒక పాత ఆన్‌లైన్ భాండాగారంలో ఆ ఫాంటు మూలం దొరికింది. దాన్నుంచి చుక్కల అక్షరాలు మళ్లీ చేయించి, శుక్రవారం మధ్యాహ్నం, మాస్టారి దగ్గర మిగిలిన ఆనాటి కాగితం మీద పేజీ తీసి ఆయన ముందు పెట్టింది.

మాస్టారు చాలాసేపు చూశాడు. మెట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దిద్దిన మూడు పంక్తులు కూడా ఆనాడే పుట్టినట్టున్నాయి.

"ఇది మోసం కాదంటావా?" అన్నాడు నెమ్మదిగా.

"నన్నడుగుతావేం. నేను అక్షరాలు మాత్రమే పేర్చాను," అంది ఆమె. తర్వాత ఆయన చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవరు తనే పెట్టింది.

ఆ విశ్వవిద్యాలయంలో సిద్ధాంత గ్రంథాలను కుట్టరు. పరీక్షకులు అడిగితే పేజీ మార్చడానికి వీలుగా రెండు మరలతో బిగిస్తారు. పట్టా వచ్చాక ఆ మరలను ఇక ఎవరూ ముట్టకూడదు. అది రాయని నియమం. మాస్టారు తన విద్యార్థులకు స్వయంగా చెప్పిన నియమం కూడా.

శనివారం లైబ్రరీలో జనం లేరు. లైబ్రేరియన్ గ్రంథం తెచ్చి బల్ల మీద పెట్టి, వెనక అట్టకు అంటించిన చీటీ చూశాడు.

"దీన్ని ఇన్నేళ్లలో ఒక్కరే తీసుకెళ్లారు సార్. భూతద్దం సారు. మన్నించాలి, నోటికి అలవాటైపోయింది. ఐదేళ్లయింది. మూడు రోజులుంచుకుని ఆయనే తెచ్చిచ్చారు."

లైబ్రేరియన్ వెళ్లిపోయాక కూడా మాస్టారు అట్ట తెరవలేదు. వాడికి ఒక తప్పు పట్టడానికి మూడు గంటలు చాలు. మూడు రోజులుంచుకున్నాడంటే చూశాడన్నమాట. ఐదేళ్లుగా వాడికి తెలుసు. వరండాలో ఎదురుపడిన ప్రతిసారీ, తను తల తిప్పుకున్న ప్రతిసారీ, వాడికి తెలుసు. మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నాడు? సోమవారం కోసమా? ఇప్పుడు పేజీ మారిస్తే, తప్పుతో పాటు దొంగతనం కూడా వాడి చేతికి దొరుకుతుంది. మార్చకపోతే తప్పు ఒక్కటే దొరుకుతుంది.

లేచి వెళ్లిపోదామనుకున్నాడు. చివరికి ఎలాగూ తెలిసిపోయిందన్న తెగింపుతో స్క్రూడ్రైవరు తీశాడు. మరలు అనుకున్నదానికన్నా తేలిగ్గా తిరిగాయి. పేజీలు లెక్కపెడుతూ అరవై ఒకటి దగ్గరికి వచ్చి, తను తెచ్చిన కాగితాన్ని దాని పక్కన పెట్టాడు.

గ్రంథంలోని ఆ మూడు పంక్తులూ సరిగ్గా ఉన్నాయి, నున్నటి కొత్త అక్షరాల్లో.