పావు చుట్టు

వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు.

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చేతుల్లో ఉతకాల్సిన బట్టల తొట్టి ఉంది. బట్టల అడుగున సంచి ఉంది. సంచిలో రెండు చీరలు, చదువు సర్టిఫికెట్లు.

భర్త వీధి చివర నుంచి మోటారు బండిని ఈడ్చుకుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. ముందు చక్రం దగ్గర కమురు వాసన.

“అమ్మా! ముందు బ్రేకు పట్టేసింది. ముసలెద్దులా మొరాయించి నిలబడిపోయింది. ఇప్పుడే చూడు. కాదంటే ఇవాళ్టికి వెళ్ళడం మానుకుంటా.”

మానుకుంటా. ఆ మాట కోడలికి తాళం పడ్డ చప్పుడులా వినిపించింది.

వారానికోసారి అతను కొండ అవతలి గోడౌనుకు వెళతాడు. ఆమె ఏ రోజూ గేటు దాటకూడదు. ఫోను ముట్టకూడదు. కిటికీ దగ్గర నిలబడకూడదు. అతను లేనప్పుడు కాపలా అత్తది. గేటు తాళంచెవి అత్త బొడ్లోనే ఉంటుంది, స్నానానికి వెళ్ళినప్పుడు మాత్రం మేకుకు వేలాడుతుంది. ఇవాళ ఆ కాసేపే ఆమెకున్న దారి. బస్టాండులో అక్క కాచుకుని ఉంది. గోడ మీదుగా పక్కింటావిడ తెచ్చిన అక్క కబురు ఒకటే: ఈ మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్ళీ రావడం తనవల్ల కాదు.

ఇంటి ముందు భాగమే వర్క్‌షాపు. మామగారు పోయాక అత్తే నడుపుతోంది. వచ్చేపోయేవాళ్ళు ఆమెను ‘బ్రేకులమ్మ’ అంటారు. కొప్పులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవర్ గుచ్చి ఉంటుంది. ఆ విద్య కొడుక్కి మాత్రం అబ్బలేదు.

అత్త బండికి స్టాండు వేసి ముందు చక్రం పైకి లేపింది. తిప్పి చూసింది. కదల్లేదు.

“ఏయ్, ఇలా రా. హ్యాండిల్ మీది ఈ బ్రేకు లీవర్ పట్టుకో” అంది కోడలితో.

“అదెందుకు ఇక్కడ? లోపలికి పొమ్మను” అన్నాడు భర్త.

“నేను కింద చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిపుల్ విప్పాలంటే పైన ఇంకొకరి చెయ్యి ఉండాలి. నువ్వు పడతావా? ఆయిల్ మీద పడిందంటే ఆ చొక్కా మసిగుడ్డకి తప్ప పనికిరాదు.”

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. కోడలు తొట్టి కింద పెట్టింది.

అత్త స్పానర్ పెట్టి నిపుల్ కొంచెం వదులు చేసింది. ఆయిల్ చిమ్మింది. చక్రం గిర్రున తిరిగింది.

కోడలు ఆ చక్రం వైపే చూసింది. అత్త ఊళ్ళో వాళ్ళకు చెప్పే మాట ఆమె వంటింట్లోంచి ఎన్నిసార్లు వినలేదు! ‘నిపుల్ విప్పగానే చక్రం తిరిగిందా, రోగం పైనుంది. తిరగలేదా, కిందుంది.’

తిరిగింది. అంటే రోగం పైనే. లీవర్ దగ్గర.

వేలితో మెల్లగా కదిపి చూసింది. పట్టు తగిలేముందు లీవర్ కాస్త వదులుగా ఆడాలి. ఆడలేదు. దాని పక్కన చిన్న స్క్రూ లోపలికంటా బిగిసి ఉంది. ఎవరూ నొక్కకుండానే బ్రేకు కొద్దిగా నొక్కుకుని ఉందన్నమాట. కొంత దూరం పోతే వేడెక్కి పట్టేస్తుంది.

“ఏం లేదురా, కింద మట్టి పేరుకుంది. కడిగేస్తే సరి” అంది అత్త.

తప్పు. కింద కడిగితే ఏం లాభం? మళ్ళీ వీధి చివరే ఆగుతాడు. మళ్ళీ వస్తాడు. ఇక వెళ్ళడు.

“అత్తయ్యా... పైన ఆ స్క్రూ...”

“నోర్ముయ్! గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట. బ్రేకులు నువ్వు నేర్పుతావా నాకు?”

భర్త నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“నీకెలా తెలుసు స్క్రూల సంగతి? కిటికీ దగ్గర నిలబడొద్దన్నానా లేదా? సాయంత్రం రానీ, చెబుతా.”

ఆమె చూపు లీవర్ మీదికి తిప్పుకుంది.

“నొక్కు. పట్టు. నేను చెప్పేదాకా వదలకు” అంటోంది అత్త కింద నుంచి. చెయ్యి లీవర్ మీద, ప్రాణం బట్టల తొట్టిలో. పరిగెత్తడానికి లేదు.

అతను మొహం తుడుచుకోడానికి తొట్టి మీదికి వంగాడు. పైనున్న దుప్పటి కొస పట్టుకుని లాగబోయాడు.

“ఒరేయ్! విడిచిన బట్టలతో మొహం తుడుచుకుంటావా? బుద్ధుందా?” అత్త భుజం మీది తువ్వాలు విసిరికొట్టింది. అతను నసుగుతూ తువ్వాలు అందుకున్నాడు.

అత్త నిపుల్ బిగించింది. చక్రం కడిగింది. లేచి, హ్యాండిల్ అంతా మసిగుడ్డతో తుడిచింది, చాలాసేపు. కొప్పులోని స్క్రూడ్రైవర్ గుడ్డతోపాటు చేతిలోకి వచ్చి మళ్ళీ కొప్పులోకి వెళ్ళింది.

“ఇక పో. చీకటి పడకముందే వచ్చెయ్.”

బండి కదిలింది. వీధి చివరికి వెళ్ళింది. ఆగలేదు. మలుపు తిరిగింది. చప్పుడు సన్నగిల్లి, వినిపించకుండా పోయింది.

కోడలు కదల్లేదు. చెయ్యి ఇంకా లీవర్ పట్టుకున్నట్టే బిగిసి ఉంది.

అత్త సబ్బుతో చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. బొడ్లోంచి తాళంచెవి తీసి బట్టల తొట్టిలో పడేసింది.

“పొద్దున కంగారులో ఆ స్క్రూ మరీ ఎక్కువ తిప్పేశానే తల్లీ, ఇప్పుడు పావు చుట్టే ఉంచాను, కొండ దాటాక గానీ వాడి బండి ఆగదు.”