గ్రూపులో ఐదో పేరు

సాయంత్రం నాలుగయింది. తెరమీద నాలుగు మొహాలే ఉన్నాయి.

"మ్యూట్ అక్క ఏదీ?" అంది లీడరు.

నర్సింగ్ విద్యార్థులకు నాయకత్వం నేర్పే ఆన్‌లైన్ కోర్సు అది. గ్రూపుకి ఐదుగురు. నలుగురూ కాలేజీ పిల్లలే. ఐదో ఆవిడ ఎక్కడో ఆస్పత్రిలో పనిచేస్తూ చదువుకుంటోంది. కెమెరా పెట్టదు, మైకు ఆన్ చెయ్యదు. అందుకే ఆ పేరు.

"ఫోనెత్తట్లేదే. పది నిమిషాలు ఆగుదామా?" అంది ఇంకో అమ్మాయి.

"ఆగితే మార్కులు నువ్విస్తావా?"

అక్క మాట్లాడాల్సిన భాగం కూడా లీడరే గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. మధ్యలో నాన్న దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కట్ చేసింది.

చివర్లో మేడం అడిగింది.

"ఇదే ఫైనల్ పరీక్ష. ఐదో పేరు ఉంచనా, తీసెయ్యనా? నిర్ణయం లీడరుదే."

"తీసెయ్యండి మేడం. బాధ్యత లేని మనిషి."

తర్వాత నాన్నకి ఫోన్ చేసింది.

"అమ్మ పోయిందే" అన్నాడు.

చిన్న ఆపరేషనే, క్లాసులు మానుకుని రావద్దని ముందురోజు చెప్పింది అమ్మ.

నెల తర్వాత, కాగితాల కోసం ఊళ్ళో అమ్మ పోయిన ఆస్పత్రికి వెళ్ళింది. ఏడుపు రాలేదు. నెల నుంచీ రావడం లేదు. పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టింది.

వార్డులో హెడ్ సిస్టర్ గుర్తుపట్టి కుర్చీ జరిపింది.

"మీ నాన్నగారు రక్తం కోసం పరిగెత్తారు. కానీ అమ్మ ఒంటరిగా పోలేదమ్మా. మా నర్సొకమ్మాయి పక్కనే కూర్చుంది. 'మా పాప వచ్చిందా' అని ఆవిడ అడుగుతుంటే, 'వచ్చానమ్మా, ఇక్కడే ఉన్నా' అంటూనే ఉంది."

కుర్చీలో కూర్చుని అడిగింది.

"ఆ నర్సుని ఒకసారి చూడొచ్చా?"

"వెళ్ళిపోయింది. ఏదో కోర్సు పాసైతేనే ఉద్యోగం ఉంచుతామన్నారు పైవాళ్ళు."

"తప్పిందా?"

"అసలు కూర్చుంటేగా! ఆ రోజే నాలుగింటికి ఆన్‌లైన్లో మాట్లాడాలట. నేను చూసుకుంటాను, వెళ్ళవే అన్నాను. 'మా గ్రూపు లీడరు మంచి పిల్ల, అర్థం చేసుకుంటుంది సిస్టర్' అని ఫోనాపేసి, మళ్ళీ మీ అమ్మగారి చెయ్యి పట్టుకుంది."