ఐదో కాగితం

"ఇది చెల్లదండీ," అంది లెక్కల టీచర్, కాగితాన్ని బల్ల మీదుగా వెనక్కి జరుపుతూ.

గొడుగాయన దాన్ని మళ్ళీ ముందుకు జరిపాడు.

"ఇంకోసారి చూడమ్మా."

బైండింగ్ షాపు పై గదిలో టీచర్, టైలర్, కంపౌండర్ ప్రతి శనివారం మధ్యాహ్నం ఆడే ఆటలోది ఆ కాగితం. కథ నడిపేది టీచర్. తక్కినవాళ్ళు ఒక్కో పాత్రను కాగితం మీద రాసుకుని, పాచికలు వేస్తూ ఆ కథలో బతుకుతారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు వైద్యుడు.

కొన్నేళ్ళకోసారి రూల్స్ పుస్తకం కొత్త ఎడిషన్ వస్తుంది. పాత పాత్రలన్నీ కొత్త లెక్కల్లోకి మారాలి. మారలేనిది చచ్చినట్టే. దాని మీద ఎర్ర గీత కొట్టి రేకు డబ్బాలో వేస్తారు, మళ్ళీ ఎవరూ ఆడకూడదు. ఆ బల్ల దగ్గర కట్టుబాటు అది.

గొడుగాయన వాళ్ళ ఆటలోకి వచ్చి నెల కూడా కాలేదు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే. పేరడిగితే గొడుగు చూపించి నవ్వేశాడు.

ఆయన పాత్ర సగం యోధురాలు, సగం వైద్యురాలు.

"మొదటి ఎడిషన్‌లో రెండు వృత్తులూ కలిసే పెరిగేవి, నత్తనడకన," అన్నాడాయన. "రెండో దాంట్లో ఒకటి వదిలేస్తేనే ఇంకోటి. మూడో దాంట్లో ఇటొక మెట్టు, అటొక మెట్టు. నాలుగో దాంట్లో రెండో విద్య అరువు తెచ్చుకోవాలి. నానా తంటాలూ పడి ప్రతిసారీ దాటించానమ్మా."

"ఐదో దాంట్లో జంట వృత్తి లేదు. ఏదో ఒకటి ఎంచుకోండి."

"ఏది తీసేసినా ఆ మనిషి మిగలదు."

టైలర్ నవ్వాడు. "అది సరిగ్గా కొట్టనూ లేదు, సరిగ్గా కుట్టనూ లేదు. వదిలేయండి పెద్దాయనా!"

గొడుగాయన నవ్వలేదు. టీచర్ చేతిలోని పాచిక వైపే చూస్తున్నాడు.

మూలలు అరిగిన పాత పాచిక. ఆమెకు నాలుగేళ్ళప్పుడు పోయిన నాన్నది. ఆయన రూల్స్ పుస్తకం చదువుకునే ఆమె ఈ ఆట నేర్చుకుంది. ఆ పాచిక, ఆ పుస్తకం అంచుల్లోని గొలుసుకట్టు రాత, తనను 'పిచ్చుకా' అన్న ఒక్క పిలుపు. నాన్నవి అంతకు మించి ఆమె దగ్గర ఏమీ లేవు.

"ఆటగాడి పేరు ఖాళీగా ఉందేంటి?"

"అది రాయాల్సింది నేను కాదమ్మా. ఈ పాత్ర నాది కాదు."

"మరెవరిది?"

"చెప్తాను. ముందు దీన్ని కొత్త ఎడిషన్‌లోకి రానీ. ప్రాణంతో అప్పజెప్పాలని నా ఆశ. ఒక్క ఆటకి కానిచ్చెయ్యి తల్లీ."

టీచర్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"పోయిన వారం కంపౌండర్ గారి పాత్ర కొట్టేశాను. అదీ జంట వృత్తే, పదకొండేళ్ళుగా ఆడుతున్నారు. ఆయనకో రూలూ మీకో రూలా?"

కంపౌండర్ తల దించుకున్నాడు.

ఆమె ఎర్ర పెన్ను మూత తీసింది.

"పాత్ర పేరు మీద మాత్రం గీయకు," అన్నాడాయన మెల్లగా.

గీత ఈ మూల నుంచి ఆ మూలకు పోయింది, పేరు మీదుగానే.

ఆయన తన సంచిలోంచి నాలుగు పాత కాగితాలు తీసి, దాని వెనక పెట్టి పిన్ను కొట్టి, తన చేత్తోనే డబ్బాలో వేశాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"రూలంటే రూలే. అచ్చం..."

ఏదో అనబోయి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం ఆయన రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

మూడో శనివారం కంపౌండర్ ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు.

"గొడుగాయన పోయాడండీ. మా ఆస్పత్రిలోనే, పొద్దున. రెండు నెలలకు మించి బతకడని డాక్టర్లు ముందే చెప్పేశారట. అది తెలిసే మన దగ్గరికి వచ్చాడు."

ఎవరూ పాచికలు ముట్టలేదు.

ఒక్క ఆటే కదా అడిగాడు, అనుకుంది టీచర్. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఆ కాగితాలు ఆయనతోనే పంపిద్దాం," అని డబ్బా తెరిచింది.

పై కాగితం మీద తన ఎర్ర గీత. తిప్పింది.

నాలుగో ఎడిషన్ కాగితం. ఆటగాడి పేరు దగ్గర, 'పిచ్చుక తరఫున.'

మూడోది. 'పిచ్చుక తరఫున.'

రెండోదీ అంతే.



అడుగున మొదటి కాగితం మడతల దగ్గర చిరిగి ఉంది. దాని మీద రాత వేరు. చిన్నప్పటి నుంచీ పుస్తకం అంచుల్లో ఆమె వేలితో తడుముకున్న గొలుసుకట్టు రాత.

'నేను లేకపోతే, పిచ్చుక పెద్దయి ఆడేదాకా దీన్ని మా గొడుగోడు బతికిస్తాడు.'