ఎడమ మోకాలు

"నొప్పి ఎక్కడ?" అడిగాడు డాక్టరు.

ఓబులేష్ ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టాడు. చిప్ప కింద, లోపలివైపు. ఎవరడిగినా అతను చూపించే చోటు అదే.

డాక్టరు ఆ కాలిని మడవబోయాడు, లాగబోయాడు. "ఇంతలా బిగబడితే నాకేం తెలుస్తుందయ్యా? కాస్త వదులు చెయ్యి."

ఓబులేష్ వదలలేదు. డాక్టరు విసుక్కున్నాడు. "పైకి మరీ ఏమీ కనపడటం లేదే."

పక్కనే నిలబడి ఉన్న ఇమాం హుస్సేన్‌కు ఒళ్లు మండింది. "ఏమీ లేదంటారేంది సార్? తొమ్మిదేండ్ల నుంచి కుంటుతాండాడు. కబడ్డీలో ఆ కాలు పట్టి గుంజింది నేనే. నాకు తెలీదా?"

డాక్టరు టేపు తీసి రెండు తొడలూ కొలిచాడు. ఎడమది అంగుళమున్నర సన్నగా ఉంది.

"నిజమే. వాడకపోవడంతో కండ కరిగిపోయింది. లోపల లిగమెంటు తెగి ఉండొచ్చు. సన్నగొట్టం పెట్టి చూసి, అక్కడికక్కడే సరిచేద్దాం. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఎవరో ఒకరిద్దరికి కాలు మడత పడకుండా బిగుసుకుపోతుంది. ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముండాది సార్, చేసేయండి" అన్నాడు ఇమాం.

కాలు ఒకరిది, తొందర ఇంకొకరిది. ఈ వరస మొదలైంది 1997 ఎండాకాలంలో.

కంబదూరు పక్కన వాళ్ల ఊరి చెరువులో నీళ్లు నిలిచి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. నీళ్లెటూ లేవని కుర్రాళ్లు దాని నడిమధ్యలోనే కబడ్డీ కోర్టు గీసుకున్నారు. కూతకు ఓబులేష్, పట్టుకు ఇమాం. ఆ చుట్టుపక్కల వాళ్లను మించినవాళ్లు లేరు. రాష్ట్ర జట్టు ఎంపికకు ఇద్దరికీ పిలుపొచ్చింది. మూడు వారాల్లో కర్నూలు పోవాలి. ఓబులేష్ ఆట చూడటానికి ఊరు ఊరంతా ఆ పూటే లారీ మాట్లాడుకుంది. తీరా అక్కడ తేలిపోతే ఏ ముఖం పెట్టుకుని తిరిగి రావాలా అని ఓబులేష్‌కు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

పిలుపు అందిన సాయంత్రమే, ఊరికే ఆడుకుంటున్న ఆటలో, ఇమాం అతని మోకాలు పట్టాడు. ఓబులేష్ పడ్డాడు, లేవలేదు. నలుగురు మోసుకొచ్చి మంచం మీద వేశారు. తెల్లారేసరికి మోకాలు కుండలా వాచింది.

ఎంపిక రోజు ఇమాం బస్సెక్కలేదు. వచ్చి ఓబులేష్ మంచం పక్కన కూర్చున్నాడు.

"నీ కాలు పోగొట్టి నేను పోయి ఆడేదా? ఇంగ ఈ జన్మకు ఆ ఆటొద్దురా నాకు" అని ఏడ్చాడు.

ఓబులేష్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అన్నట్టుగానే ఇమాం మళ్లీ కోర్టులో అడుగు పెట్టలేదు. బేల్దారి పనిలో చేరి గోడలు కట్టుకుంటూ బతికాడు. పొద్దున్నే నీళ్ల ట్యాంకరు వస్తే తన ఇంటికంటే ముందు ఓబులేష్ ఇంటికి ఆరు బిందెలు మోసేవాడు. ఓబులేష్ తల్లి తిప్పమ్మ వద్దని చెప్పి చెప్పి అలసిపోయింది. ఓబులేష్ మాత్రం తన బీడీల అంగడిలో కూర్చుని, ఆ బిందెలు వచ్చిపోవడం చూసేవాడు. మొదట్లో తల దించుకునేవాడు. పోనుపోను అదీ పోయింది. మనసు మొద్దుబారింది. ఎవరైనా పలకరిస్తే పలికేవాడు, అన్నం పెడితే తినేవాడు, అంతే.

ఆపరేషన్ మాటెత్తితే మాత్రం, "కోస్తే ఉండే కాలూ పోతాది. నాకొద్దప్పా" అనేవాడు. కూతకు పోతే పులి, కత్తి చూస్తే పిల్లి అని ఊరు నవ్వింది. అతను నవ్వనిచ్చాడు.

పోయిన నెల ఇమాం భార్య షమా అంగడికి వచ్చింది. ఏమీ కొనలేదు. కొంగు చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

"అన్నా, మా అన్న బెంగళూరులో పెద్ద పనులు పట్టినాడు. మూడేండ్లుగా ఈయన్ని రమ్మంటాండాడు. ఈడ ఏముండాది చెప్పు, వానా లేదు, పనీ లేదు. నువ్వు బాగా నడిచేదాకా యాడికీ కదలనంటాడు ఈయన. ఒక్కసారి కాలు చూపించుకోన్నా. నీకు దండం పెడతా."

నిజంగానే చేతులు జోడించింది. ఓబులేష్‌కు సిగ్గేసింది. అతనికి ఏదైనా అనిపించి ఎన్ని ఏళ్లయిందో. "సరేలేమ్మా, చేయించుకుంటా" అన్నాడు.

ఆ మాట తెలిసి ఇమాం పని మధ్యలో తాపీ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. తనే అనంతపురం తీసుకొచ్చాడు. డాక్టరు చెప్పిందంతా విని, సంతకం ఎక్కడ పెట్టాలో తనే వేలు పెట్టి చూపించాడు. ఓబులేష్ పెట్టాడు.

ఆపరేషన్ రోజు స్ట్రెచర్ పక్కనే నడిచాడు. "భయపడొద్దురా. నువ్వు లేసి నాలుగడుగులు తిన్నగా నడిస్తే సాలు, నా పాపం పోతాది."

"నడుస్తాలే. నువ్వు బెంగళూరుకు మూట కట్టుకో" అన్నాడు ఓబులేష్.

ఇమాం కళ్లు తుడుచుకున్నాడు. ఇంత మంచోడి కాలా నేను పోగొట్టింది అని అక్కడున్న నర్సుతో చెప్పుకున్నాడు.

లోపల వెన్నులో సూది వేశారు. పాదాలు మొద్దుబారాయి, తర్వాత పిక్కలు, తర్వాత మోకాళ్లు. డాక్టరు ముసుగు కట్టుకుని వంగాడు.

"మొదలుపెడుతున్నా. ఈ కాలి గురించి నాకు చెప్పాల్సింది ఇంకేమన్నా ఉందా?"

ఓబులేష్ తలుపు వైపు చూశాడు. అద్దం అవతల ఇమాం రెండు చేతులూ చాచి దువా చేస్తున్నాడు.

"ఏం లేదు సార్. కొయ్యండి" అన్నాడు.

చెరువులో పడిన పద్దెనిమిదో రోజుకే, ఎంపికకు ఇంకా మూడు రోజులుండగానే, ఆ మోకాలు నొప్పి పెట్టడం మానేసింది.