తొమ్మిదో పేరు

"వాడు చెయ్యి విసిరితే బంతి అరవై గజాలు పోతుందిరా! అలాంటి క్వార్టర్‌బ్యాక్‌ని వదిలేసి నీ గున్న ఏనుగును తెచ్చుకుంటారా?" చెస్టర్ గొంతు పెంచాడు.

"అరవై గజాలు విసరాలంటే ముందు కాళ్ల మీద నిలబడాలి కదరా," మంచంలోంచి రోమన్ అన్నాడు. "పోయినేడు మన టీములో బంతి విసిరేవాణ్ణి యాభైనాలుగుసార్లు మట్టి కరిపించారు. ముందు వాడికి అడ్డం నిలబడేవాడు కావాలి. హోల్కమ్‌నే తీసుకోవాలి."

"అడ్డం నిలబడేవాణ్ణి చూడ్డానికి ఎవడైనా టిక్కెట్టు కొంటాడా?"

"నేను కొన్నాను. నలభై ఏళ్లు."

కాలేజీల్లో ఆడిన కుర్రాళ్లను అమెరికన్ ఫుట్‌బాల్ టీములు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు వచ్చిందంటే, లాకవానా ఊళ్లో ఈ ఇద్దరికీ యుద్ధమే. ఉక్కు ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ భోజనాల బల్ల దగ్గర తిట్టుకున్నారు. అది మూతబడ్డాక బారులో తిట్టుకున్నారు. ఈసారి రోమన్ పడకగదిలో.

తలలో గడ్డ అతని ఎడమ కాలిని లాక్కుంది, తర్వాత రెండు కళ్లనూ. క్రిస్మస్ దాటడన్నాడు డాక్టరు. దాటాడు. "డ్రాఫ్టు వినకుండా నేను పోను," అని అందరికీ చెప్పాడు. తిండి మానేశాడు గానీ ఆ పంతం మానలేదు. నొప్పి మెలిపెట్టినప్పుడల్లా దుప్పటి అంచు పళ్ల మధ్య బిగించి, ఆటగాళ్ల పేర్లు వరసగా వల్లించుకునేవాడని భార్య ఐరీన్ చెప్పింది.

"బెర్నీగాడేడీ?" రోమన్ తమ ఫ్యాక్టరీ నేస్తం కోసం అడిగాడు.

"వంటింట్లో ఉన్నాడు. కోడిరెక్కలు వేపుతున్నాడు," అంది ఐరీన్.

"వాణ్ణి అక్కడ వదలకే. మనదాకా ఎముకలే వస్తాయి." నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. "ఈ మందులతో రోజులన్నీ కలిసిపోతున్నాయి. నిన్నగాక మొన్నే క్రిస్మస్ చెట్టు తీసినట్టుంది."

"మూడు నెలలు దాటింది," ఐరీన్ దిండు సర్దింది.

"బయట గడ్డి పచ్చబడిందా?"

చెస్టర్ కిటికీ వైపు చూశాడు. "ఆఁ. పచ్చబడింది."

డ్రాయరు బల్ల మీది స్పీకరు గరగరలాడింది. ఆరో టీము బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణొకణ్ణి తీసుకుంది.

"ఈ అనౌన్సరు ముక్కుతో చదువుతున్నాడేమిట్రా?"

"కొత్తవాడులే. పాతాయన రిటైరయ్యాడు."

"మన టీము తొమ్మిదోది కదూ?"

"తొమ్మిదోదే."

రోమన్ చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటూ వచ్చి చెస్టర్ మణికట్టు పట్టుకుంది. రోమన్‌ది మోచేతి దాకా కాలిన మచ్చ ఉన్న చెయ్యి. ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ బట్టీ తలుపు జారిపడిన రోజున దానికింద కడ్డీ పెట్టి, చెస్టర్ పాక్కుంటూ బయటపడేదాకా కదలకుండా నిలబడ్డ చెయ్యి. ఆ సంగతి ఇన్నేళ్లలో ఇద్దరూ ఒక్కసారీ ఎత్తలేదు.

చెస్టర్ ముందుకు వంగాడు. "ఒరేయ్ రోమన్... ఆలోచిస్తే నువ్వన్నదీ నిజమేలేరా. అడ్డం నిలబడేవాడే కావాలి."

రోమన్ మొహం మాడిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"జాలిపడుతున్నావా?"

"అది కాదురా..."

"నలభై ఏళ్లలో నువ్వు నా మాట ఒప్పుకున్నావా ఎప్పుడైనా? ఇవాళ ఒప్పుకున్నావంటే నా పని అయిపోయినట్టే. తిట్టరా. నీకు దణ్ణం పెడతా, తిట్టు."

ఐరీన్ గోడవైపు తిరిగింది.

చెస్టర్ కళ్లు తుడుచుకుని గట్టిగా గొంతెత్తాడు. "ముసలి గాడిదా! నీకు ఆటంటే ఏం తెలుసురా? నీ మాట వింటే మన టీము ఇంకో నలభై ఏళ్లు మంచులో కూర్చుని ఏడుస్తుంది!"

"అదీ," అన్నాడు రోమన్. అతని మొహం తేటపడింది.

ఏడో పేరు వచ్చింది. ఎనిమిదోది వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ ఇంకా మిగిలే ఉన్నాడు. హోల్కమ్ కూడా.

"ఇద్దరూ ఉన్నార్రా," రోమన్ గొణిగాడు. మళ్లీ మణికట్టు పట్టుకున్నాడు.

స్పీకరు చాలాసేపు పలకలేదు. ఐరీన్ జపమాల పూసల చప్పుడొక్కటే వినిపించింది. ఇంతలో అనౌన్సరు గొంతు సవరించుకున్నాడు. "తొమ్మిదో ఎంపిక..." గొంతు పట్టేసినట్టయి ఆగాడు. తర్వాత ఒక్క ఊపిరిలో అనేశాడు. "డారియస్ హోల్కమ్!"

"నాశనం చేశారు!" చెస్టర్ లేచి కుర్చీని తన్నాడు. "బుర్రలేని వెధవలు! ఏనుగును తెచ్చుకున్నారు!"

రోమన్ నవ్వాడు. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు. కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"ఏడువురా, ఏడువు. ఎవడు చెప్పాడు ముందే?"

"నువ్వే."

"ఇంకోసారి చెప్పు."

"నువ్వే చెప్పావురా దరిద్రుడా."

"ఐరీన్, విన్నావా? సెప్టెంబరులో ఆటలు మొదలయ్యాక చూడండి, మనవాడి చొక్కాకి మట్టి అంటదు." కాసేపు పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. తర్వాత మెల్లగా, "ఇంక పడుకుంటానే," అన్నాడు.

పట్టు సడలింది. ఊపిరి ఎడమెడంగా వస్తోంది. ఒకటి వచ్చాక రెండోదాని కోసం ఐరీన్, చెస్టర్ కలిసి ఎదురుచూశారు. అది వచ్చింది. ఆ తర్వాతది ఇంకా ఆలస్యంగా వచ్చింది.

"ఫాదర్‌కు కబురు చేస్తాను," అంది ఐరీన్.

బెర్నీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తొమ్మిది పేర్లు రాసిన నలిగిన కాగితం. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"నవ్వాడా?" బొంగురు గొంతుతో అడిగాడు.

"నవ్వాడు," అన్నాడు చెస్టర్.

అసలు డ్రాఫ్టుకు ఇంకా పది వారాలుంది.