మూడో సాలు

ఆ కాలానికి తాడిపత్రి వైపు ప్రతి ద్రాక్షతోటలో ఒక గుంజకు యంత్రం బిగించి ఉండేది. అది తోటంతా చూస్తూ, మనిషి నోటితో చెబితే విని నీళ్లు వదిలేది. కరువు ముదిరి, ఓబులేసు తోటకు ఒక్క వరసకు సరిపడా నీటి వాటానే వస్తోంది. కాపుకొచ్చిన తీగలున్నది మూడో వరసలోనే, మిగతావన్నీ లేత మొక్కలు. అది ఎండితే తోట లేనట్టే.

అందుకే వాటా వచ్చినప్పుడల్లా ఓబులేసు తోటలోకి దిగకుండా గట్టు మీంచే గట్టిగా అరిచేవాడు. "మూడో సాలు!"

"సరేన్నా" అనేది యంత్రం.

ఒకరోజు భార్య తిప్పక్క పరుగున వచ్చింది. "ఏం జేసినావయ్యా? లేత మొక్కల కిందంతా బురద. మూడో సాల్లో చుక్క తడి ల్యాదు!"

ఓబులేసు యంత్రాన్ని నిలదీశాడు. "నీకేం జెప్పినా?"

"మూడోదానికి సాలంటివి గదన్నా. దానికి ఆపేసి మిగతావాటికి ఇడిచినా."

సీమ యాసలో 'సాలు' అంటే 'చాలు' అని దానికి నేర్పారు. వరసను కూడా సాలంటారని ఎవరూ చెప్పలేదు.

మూడో వరసలో కింది ఆకులన్నీ రాలి ఉన్నాయి. గుత్తులు వడిలాయి. తిప్పక్క గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది.

"బతికుండాదా?" ఓబులేసు వంగి చూశాడు.

"ఉండాది. ఆకులకుండే సన్న నోళ్లన్నీ మూసుకోని, ఉన్న తేమ బయటికి పోనీకుండా పట్టుకోనుండాది."

"వానల దాకా ఇదే ఆఖరి వాటా అన్నా. యాడికి ఇడవల్ల?" యంత్రం అడిగింది.

ఓబులేసు నోరు తెరిచాడు. తిప్పక్క చేత్తో మూసేసింది.

"నువ్వూ ఆ తీగ మాదిరుండు" అని, మూడో వరసలోంచి కదలకుండానే యంత్రం వైపు తిరిగింది. "నేను నిలబడిన వరసకు ఇడువు."

తడి ముందుగా ఆమె పాదాలకే తగిలింది.