వెనక డోరు మీద రెండు దెబ్బలు

కొత్త జీపు కొన్నప్పటి నుంచీ నర్సమ్మ మొగుడికి మంచి రోడ్డు కంటికి ఆనడం లేదు. సెలవు దొరికితే చాలు, గుంట ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతాడు. ఇవాళ దొరికింది. అడవి దారిలో, చీకటి పడ్డాక, వెనక చక్రాలు సగానికి బురదలో దిగిపోయాయి. అవతల ఆవిడకి ఆస్పత్రిలో నైట్ డ్యూటీ ఉంది.

"నువ్వు స్టీరింగ్ పట్టుకో, నేను తోస్తా. వెనక డోరు మీద రెండుసార్లు కొడితే పోనియ్యి," అని చెప్పి అతను దిగాడు.

ఎంతసేపటికీ చప్పుడు లేదు. అందాకా చెవులు చిల్లులు పడేలా అరిచిన కప్పలు కూడా ఊరుకున్నాయి. చివరికి వెనక నుంచి టక్, టక్ అని వినిపించింది. ఆవిడ యాక్సిలరేటర్ తొక్కింది.

"తిన్నదంతా ఏమైపోతోందండీ, గట్టిగా తొయ్యండి," అని విసుక్కుంది.

జవాబు రాలేదు గానీ బండి ఒక్క ఊపున గట్టెక్కింది.

"ఈ బలం ఇంట్లో సిలిండరు మోసేటప్పుడు ఎక్కడికి పోతుందో," అని గొణిగింది.

అప్పుడు పక్క పొదల్లోంచి హెడ్‌లైట్ల వెలుగులోకి మొగుడు వచ్చాడు. రెండు చేతుల నిండా రాళ్ళు.

"చక్రాల కింద పెడదామని ఏరుతూ ఉండిపోయా. ఒక్కదానివే ఎలా తీశావే?" అన్నాడు.

ఆవిడ చెయ్యి చాచి పక్క తలుపు తీసింది. అతను రాళ్ళు పడేసి ఎక్కి కూర్చున్నాడు.

వెనక డోరు మీద మళ్ళీ టక్, టక్.

ఈసారి లోపల్నుంచి.